ఇంజను మచ్చికయ్యేదాకా

నా బంగారు నాన్నకి,

బండి ఇంటికొచ్చింది. అమ్మకి నిన్ననే ఫోన్‌లో చెప్పాను. ఆవిడ నీకు చెప్పే ఉంటుంది, కానీ చెప్పే తీరు నాకు తెలుసు కదా: "దాని కారేదో బాగైందట" అని ఒక్క ముక్కలో తేల్చేసి వంటింట్లోకి వెళ్ళిపోయి ఉంటుంది. నీకు ఫోనిస్తే సగమే వినపడుతుంది, మిగతా సగం నీకు నచ్చినట్టు కల్పించుకుంటావు. మగ్గాల మిల్లులో ఫిట్టరుగా ఉన్నన్నాళ్ళూ ఉండి, చెవులు అక్కడే వదిలేసి రిటైరయ్యావు. అందుకే మన కబుర్లన్నీ కాగితం మీద. ఒక రకంగా మంచిదే. కాగితం అడ్డం లేకపోతే నేను ఇంతసేపు ఒక్కచోట కూర్చోను.

షెడ్డుకి నేనూ నీ అల్లుడూ కలిసి వెళ్ళాం. నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు చూశావుగా ఆ షెడ్డు యజమానిని, అందరూ డాక్టరు డాక్టరు అంటారు. గ్రీజు పనిలో ఉండి కూడా తెల్ల చొక్కా వేసుకుంటాడు, దాని మీద మరక పడకుండా రోజంతా చేతులు ఒంటికి దూరంగా పెట్టుకుని తిరుగుతాడు. బండి మీద దుప్పటి కప్పి ఉంచాడు. "ఎందుకండీ ఈ ముసుగు?" అంటే, "ఆపరేషనైన పేషెంటమ్మా, చలి పెట్టకూడదు" అన్నాడు. పక్కనున్న మెకానిక్కులు ఎవరూ నవ్వలేదు. రోజూ వినే జోకే కాబోలు.

దుప్పటి తీశాడు. అదే ఆకుపచ్చ, అవే రెండు సీట్లు, నేలకి గడ్డం ఆనించి పడుకున్నట్టుండే అదే ఆకారం. నువ్వొచ్చినప్పుడు దాని పొట్ట ఖాళీగా ఉంది. ట్రాక్ మీద నేను నడుపుతుండగా విరిగిన రాడ్డు ఇంజను గోడని పొడుచుకుని బయటికొచ్చిన కన్నంలో నువ్వు పిడికిలి దూర్చి చూశావు, గుర్తుందా? ఇప్పుడా గోడే లేదు. ఇంజను మొత్తం కొత్తగా కట్టాడు. లోపల గట్టి పిస్టన్లు, గట్టి రాడ్లు. ఎలాగూ విప్పాం కదా అని, ఇంజనులోకి గాలి దట్టించే పాత టర్బో తీసేసి పెద్దది పెట్టించుకున్నాను. మునుపటి కంటే సగం బలం ఎక్కువ. తాళం తిప్పితే ఒక్కసారి గొంతు సవరించుకుని మొదలైంది. ఆ చప్పుడు నీకు వినపడకపోయినా, బానెట్ మీద చెయ్యి పెడితే నీకు తెలిసిపోయేది. నాకు ఒళ్ళు జల్లుమంది. వెంటనే పోనిద్దామని కూర్చుని తలుపేసుకున్నానా, డాక్టరు కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు.

"అమ్మా, పథ్యం చెప్పలేదు."

వెయ్యి కిలోమీటర్ల దాకా, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు మూడు వేలు దాటకూడదట. గట్టిగా తొక్కకూడదు. అలాగని ఒకే వేగంతో పోనివ్వకూడదు. పెంచాలి, తగ్గించాలి, మళ్ళీ పెంచాలి. పెద్ద రోడ్డెక్కి తిన్నగా పోకూడదు. కొత్త పిస్టన్లూ వాటి గోడలూ ఒకదాన్నొకటి రాసుకుని, నునుపెక్కి, ఒకదానికొకటి మచ్చికవ్వాలట. ఆ వెయ్యిలో నేను తొందరపడితే ఆ ఇంజను బతికినంతకాలం నూనె తాగుతుందట. దాటకుండా తన ల్యాప్‌టాప్‌తో అడ్డం కూడా పెట్టాడట. "మూడు వేల దగ్గర అదే ఆగిపోతుంది. వెయ్యి అయ్యాక రండి, తీసేస్తాను" అన్నాడు.

"దీన్ని పథ్యం అనరండీ, శిక్ష అంటారు" అన్నాను.

"మీలాంటివాళ్ళకి రెండూ ఒకటేనమ్మా" అన్నాడు.

నీ అల్లుడి ముఖం చూడాలి నాన్నా! లాటరీ తగిలినట్టు వెలిగిపోయింది. ఇంటికొచ్చేదాకా పక్కసీట్లో కూర్చుని, కళ్ళజోళ్ళ షాపులో జనం కళ్ళకి అద్దాలు మార్చి మార్చి పెడుతూ అడిగే గొంతుతోటే, "ఇలా బావుందా? కొంచెం తగ్గిస్తే ఇంకా బావుంటుందా?" అని అడుగుతూనే ఉన్నాడు. మమ్మల్ని రొట్టెల వ్యాను దాటిపోయింది. సైకిలు మీద ఒక పెద్దావిడ దాటిపోయింది. సిగ్గుతో చచ్చాను.

అయినా సరే, వెయ్యీ పూర్తి చేస్తాను. రోజూ సాయంత్రం బీమా ఆఫీసు నుంచి రాగానే సంచి విసిరేసి బయల్దేరతాను. పగలంతా నా పనేంటో తెలుసుగా, గుద్దుకున్న బండ్ల ఫొటోలు చూసి, ఎంత నష్టమో రాయడం. నలిగిన తలుపులూ పగిలిన దీపాలూ చూసీ చూసీ కళ్ళు అలిసిపోయాయి. ఆ కుర్చీలో నా కాళ్ళు రెండూ ఒక్కచోట ఉండవు. పక్క సీటావిడ "బల్ల కింద కుట్టుమిషను తొక్కుతున్నావా?" అంటుంది. ఆ కాళ్ళకి రోజుకొక్క గంట పని దొరికింది, చాలు.

అమ్మని అడిగానని చెప్పు. ఆమెకి ఉత్తరం చదివి వినిపించేటప్పుడు సైకిలావిడ సంగతి వదిలెయ్యి, నవ్వి నవ్వి పొలమారుతుంది.

నీ
పిడుగు


నాన్నా,

ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించకు. ముందు నువ్వొక్కడివే చదువుకో.

పథ్యం పూర్తయింది. ఒక్కసారి కూడా దొంగతనం చెయ్యలేదు. ఈ ఊళ్ళో నేను తిరగని సందు లేదు. ఏ వీధిలో ఎవరి కుక్క ఎప్పుడు గోడెక్కుతుందో కూడా చెప్పగలను. వెయ్యి దాటిన మర్నాడే షెడ్డుకి వెళ్ళాను. నూనె మార్చారు. డాక్టరు ల్యాప్‌టాప్ తగిలించి ఏవో మీటలు నొక్కి, "ఇంక మీ దయ" అన్నాడు. అన్నాడు గానీ నా వైపు చూడలేదు. చొక్కా చేతి మీద లేని మరకని గోకుతూ అన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆదివారం ట్రాక్‌కి తీసుకెళ్ళాను. ఊరి బయట పాత విమానాల మైదానంలో వేశారని చెప్పానే, ఎవరి బండి వాళ్ళు తెచ్చుకుని నడుపుకోవచ్చు, అక్కడికి. మొదటి రెండు మలుపులూ ఎంత హాయిగా తీసుకుందో! తర్వాత తిన్నటి దారి వచ్చింది. తొక్కాను. నాలుగు వేలు. అక్కడి నుంచే కదా పెద్ద టర్బో ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టేది! వీపు సీటుకి అతుక్కుంది, నాన్నా, ఒక్క క్షణం. అంతలోనే నాలుగున్నర వేల దగ్గర ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఇంజనుకి ఎక్కిళ్ళు మొదలయ్యాయి. వదిలి మళ్ళీ తొక్కాను. మళ్ళీ అక్కడే ఎక్కిళ్ళు. వెనక నుంచి ఒకాయన, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకు తిరిగే పాత బండిలో, నన్ను దాటుకుంటూ చెయ్యి ఊపాడు. "పాపం" అన్నట్టు ఊపాడు. ఆ చేతిని ఈ జన్మలో మరిచిపోను.

ఏదో తేడా చేశాడనుకుని సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి షెడ్డుకెళ్ళి డాక్టరు మీద ఎగిరాను. ఆయన కాసేపు పెట్రోలు మంచిది కాదేమో అన్నాడు. కాసేపు వాతావరణం అన్నాడు. నేను కదలకపోయేసరికి గొంతు తగ్గించాడు.

"తేడా ఏం లేదమ్మా. నాలుగున్నర దగ్గర నేనే పెట్టాను అడ్డం."

"ఎందుకు?"

"పెట్టమన్నారు."

"ఎవరు?"

"నన్నడక్కండి. మీ ఇంట్లోనే అడిగి తెలుసుకోండి. నన్ను ఇందులోకి లాగకండి తల్లీ, నాకూ కాపురం ఉంది."

అదీ సంగతి. అర్థమైందా? ఇంత ఖర్చు పెట్టి, ఇన్ని నెలలు ఎదురుచూసి, ఇంజను మొత్తం కొత్తగా కట్టించుకుంటే, ఆ కొత్తదనం ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడే నాకు తెలియకుండా తలుపు మూసి గడియ పెట్టారు. పైగా ఆ వెయ్యి కిలోమీటర్లూ నేను తల వంచుకుని పథ్యం చేస్తుంటే, చూస్తూ కూర్చున్నారు.

ఇంట్లో ఇంకెవరున్నారు? నీ అల్లుడే. రాత్రి దాకా ఆగలేక షాపుకే వెళ్ళాను. ఎవరో ముసలాయన గోడ మీది అక్షరాలు చదువుతున్నాడు. ఆయన చివరి వరుస దాకా వచ్చేసరికి నా ఓపిక అయిపోయింది. "నా బండికి అడ్డం పెట్టించింది నువ్వేనా?" అని అక్కడే అడిగాను. అతను చేతిలో అద్దం పట్టుకుని నా వైపు చాలాసేపు చూశాడు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు చూశాడు. తర్వాత, "ఆఁ, నేనే" అన్నాడు.

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

"అనిపించలేదు."

అంతే. వాదించలేదు, క్షమించమనలేదు. ముసలాయన మాత్రం, "అమ్మాయ్, కొంచెం పక్కకి జరుగుతావా? అక్షరాలకి అడ్డమొచ్చావు" అన్నాడు.

నాన్నా, నీకు తెలియనిది ఒకటి చెప్తాను. పెళ్ళికి ముందు అందరూ "ఈ పిడుగు ఈ మెత్తటి మనిషితో ఎలా వేగుతుందో" అన్నారు. నేను అతన్ని చేసుకుందే ఆ మెత్తదనం కోసం. నేను ఏ వేళప్పుడు ఏం చేస్తానన్నా "నీ ఇష్టం" అనేవాడు. ఉద్యోగం మారతానన్నా అదే మాట, జుట్టు కత్తిరించుకుంటానన్నా అదే మాట, ఈ బండి కొంటానన్నా అదే మాట. అది ఎంత పెద్ద మాటో నీ కూతురికి తెలుసు, ఎందుకంటే నాకు ఆ మాట మొదట అన్నది నువ్వు. నా కాళ్ళు పెడళ్ళకి అందని రోజుల్లో వీపు వెనక రెండు దిళ్ళు పెట్టి, మిల్లు వెనక మైదానంలో జీపు నా చేతికిచ్చి, "నీ ఇష్టం, పోనీ" అన్నావు. ఎక్కడ బ్రేకు వెయ్యాలో కూడా చెప్పలేదు. "నీకే తెలుస్తుంది" అన్నావు. అతనూ అలాంటివాడే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ "నీ ఇష్టం" వెనక ఇంకెన్ని గడియలున్నాయో! నా ఉద్యోగం మార్పుకి అడ్డం ఎవరు పడ్డారు? నా స్నేహితులు ఈ మధ్య ఇంటికి ఎందుకు రావడం లేదు? ఏది చూసినా ఎవరో వెనక నుంచి ల్యాప్‌టాప్ తగిలించినట్టే అనిపిస్తోంది. రాత్రిళ్ళు అతని పక్కన పడుకుని కప్పు వైపు చూస్తూ ఒక్కొక్కటే తవ్వుకుంటున్నాను.

నేను ఇక్కడ ఉండలేను. మన ఊరి బ్రాంచికి బదిలీ అడిగాను. ముందు గది ఖాళీ చేయించి ఉంచు. నన్ను నన్నుగా చూసేవాడు నువ్వొక్కడివే. నీ దగ్గరికే వస్తాను.

నీ
పిడుగు


నాన్నా,

నీ జవాబు అందింది. నాలుగే నాలుగు వాక్యాలు! నేను గుండె కోసి ముందు పెడితే, "తొందరపడకు. అతను మంచివాడు. గది సంగతి తర్వాత చూద్దాం. అమ్మ నిన్ను అడిగింది" అని రాస్తావా? అక్షరాలు కూడా నీ అక్షరాల్లా లేవు, మొదటిసారి కాపీ రాసిన పిల్లాడివిలా వంకర్లు పోయాయి. ఒంట్లో బాగానే ఉందా?

బాగుంటే ఒకటి చెప్పు. నువ్వు ఎప్పటి నుంచి అల్లుడి పక్షం చేరావు? మిల్లులో ఎవరో సూపర్‌వైజరు ఒక నేతపనావిడ మగ్గాన్ని చెప్పకుండా నెమ్మది చేయించాడని నువ్వు ఒక పూటంతా పని ఆపించావట కదా. ఆ కథ నువ్వు నాకు ఎన్నిసార్లు చెప్పలేదు! "మనిషి చేతిలో పని మనిషికి చెప్పకుండా మార్చకూడదు" అని చెప్పి బల్ల మీద గుద్దేవాడివి. ఇవాళ నా చేతిలోది మార్చేస్తే "తొందరపడకు" అంటున్నావు.

ఇక్కడ ఇల్లంతా బిగుసుకుపోయి ఉంది. నీ అల్లుడు షాపు నుంచి వస్తాడు, అన్నం తింటాడు, గిన్నెలు కడుగుతాడు. నేను రోజంతా పట్టుకున్న కోపాన్ని ఎక్కడ దించాలో తెలియక గది నుంచి గదికి తిరుగుతాను. నిన్న పెట్టె సర్దుతుంటే గుమ్మంలో నిలబడి, "చలికోటు మర్చిపోయావు" అన్నాడు. ఆ కోటు తీసి విసిరాను. మడతపెట్టి మళ్ళీ పెట్టెలోనే పెట్టాడు. ఇలాంటి మనిషితో పోట్లాడటం కంటే గోడతో పోట్లాడటం నయం.

బదిలీ ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగను, సెలవు పెట్టి వచ్చేస్తున్నాను. రేపు పొద్దున్న ముందు షెడ్డుకి వెళ్తాను. ఆ అడ్డం తీయించకుండా ఊరు దాటను. ఎవరో గీసిన గీత లోపల నడుపుకుంటూ నీ ఇంటికి రావడం నాకు ఇష్టం లేదు. బండి కొన్నది నేను, ఇంజను కట్టించింది నేను. డాక్టరు తీయనంటే అక్కడే కూర్చుంటాను.

గది సంగతి తర్వాత చూడకు. ఇప్పుడే చూడు.

నీ కూతురు


నాన్నా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చించాను. "బంగారు నాన్న" అని రాయలేకపోయాను. అలాగని వేరే ఏం రాయాలో కూడా నాకు రాదు.

షెడ్డుకి వెళ్ళాను. గొడవ పడటానికి మాటలన్నీ దారిలోనే కూడబలుక్కుని వెళ్ళాను. ఒక్కటీ అక్కర్లేకపోయింది. "తీసెయ్యండి" అనగానే డాక్టరు ల్యాప్‌టాప్ తెచ్చి, తీగ తగిలిస్తూ అన్నాడు:

"హమ్మయ్య. అయితే పెద్దాయన ఒప్పుకున్నారన్నమాట."

"ఏ పెద్దాయన?"

డాక్టరు చెయ్యి మీటల మీద ఆగిపోయింది. నా ముఖం చూశాడు. నేను ఆయన ముఖం చూశాను. ఆ తర్వాత దాచడం ఆయన వల్ల కాలేదు. ఆయన దాచాలనుకున్నా ఆ షెడ్డులోవాళ్ళు ఊరుకునేలా లేరు. మెకానిక్కులు బండి కిందనుంచి ఒక్కొక్కరే బయటికొచ్చారు. నువ్వొచ్చిన ఆరోజు, నేను షెడ్డులోంచి ఆఫీసుకి వెళ్ళిపోయాక, నువ్వు డాక్టర్ని పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యేసి, చెవిలో రహస్యం చెప్పావట. నీ రహస్యం ఎంత నెమ్మదిగా ఉంటుందో నీకేం తెలుసు! మోతపెట్టే గాలి కంప్రెసరు పక్కనున్నవాడికి కూడా వినపడింది. ఎదురుగా టైర్ల కొట్టువాడు లేచి వచ్చి నిలబడ్డాడట, గొడవేమో అనుకుని. ఆ వీధి వీధంతటికీ తెలుసు నాన్నా. తెలియనిది నాకొక్కదానికే.

నువ్వన్న మాటలు వాళ్ళు నీ గొంతుతోటే చెప్పి చూపించారు. డాక్టరు నీకు ఆ విరిగిన రాడ్డు చూపించి, తన తెలివి చూపించుకోవడానికి, "ఇది విరిగే ముందు గట్టిగా చప్పుడు చేసే ఉంటుందండీ. ఎవరైనా కాలు తీసేస్తారు. మీ అమ్మాయి ఆ రౌండు పూర్తయ్యేదాకా తియ్యలేదు" అన్నాడట. నువ్వు ఆ కన్నంలోంచి పిడికిలి బయటికి తీసి, ఆ రాడ్డు ముక్కని వేళ్ళతో తడిమావట. తర్వాత మొదలుపెట్టావట: "దానికి నేర్పింది నేనే. ఎక్కడ ఆపాలో మాత్రం నేర్పలేదు. ఇప్పుడు చెప్తే వినదు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. దానికి చెప్పొద్దు."

నేను అక్కడున్న టైరు మీద కూర్చుండిపోయాను. ఎవరో టీ తెచ్చి చేతిలో పెట్టారు. జాలిపడ్డారు నాన్నా, నా మీద. ట్రాక్ మీద చెయ్యి ఊపినాయన నయం.

డాక్టరు, "మరి ఏం చెయ్యమంటారు?" అన్నాడు. తీసెయ్యమన్నాను. తీసేశాడు.

అక్కడి నుంచి నీ దగ్గరికి రావాల్సినదాన్ని. పెట్టె వెనకాలే ఉంది. రోడ్డెక్కి ఎటు తిప్పాలో తెలియక చాలాసేపు నిలబడిపోయాను. మొగుడి మీద కోపం వస్తే నాన్న దగ్గరికి పోవచ్చు. నాన్న మీద వస్తే ఎక్కడికి పోతారు? వెనక్కి తిప్పి షాపుకెళ్ళాను.

షాపులో ఎవరూ లేరు. "ఎందుకు నీ మీద వేసుకున్నావు?" అని అడిగాను. ఏ సంగతి అని కూడా అడగలేదు. తెలిసిపోయిందని అతనికి తెలిసిపోయింది.

"నా మీద కోపం నీకు అలవాటే. వస్తుంది, పోతుంది. ఆయన మీద కోపం తెచ్చుకోవడం నీకు రాదు. అది మొదటిసారి వస్తే ఎక్కడ ఆగుతుందో నాకు తెలియలేదు."

"పెట్టె సర్దుకుని పోతున్నా చెప్పవా?"

"ఆయన దగ్గరికే కదా పోతున్నావు. ఆయనే చెప్తాడనుకున్నాను."

నువ్వు చెప్పలేదు. నాలుగు వాక్యాలు రాశావు.

నీ అల్లుణ్ణి దేవుణ్ణి చేస్తున్నాననుకోకు. మిగతాది కూడా విను. "అయినా పూర్తిగా అబద్ధం కాదులే," అన్నాడు, "ఆయన డాక్టరుతో అంటుంటే నేను పక్కనే ఉన్నాను. వద్దు అనలేదు. నాక్కూడా హాయిగా అనిపించింది." ఆ మాటకి నాకు మళ్ళీ నషాళానికి అంటింది. ఇద్దరూ ఇద్దరే! తాళం తీసి అతని ముందు బల్ల మీద పడేసి, "దేనికి భయపడి చస్తున్నారో ఒక్కసారి ఆ సీట్లో కూర్చుని చూడు. అడ్డం లేదు. నడుపు" అన్నాను. ఈ బండి అతను ఇంతవరకూ నడపలేదు. ముట్టుకోవడానికే జంకేవాడు. షాపు మూసి వచ్చి కూర్చున్నాడు. అద్దాలు సరిచేసుకున్నాడు, సీటు జరుపుకున్నాడు, మళ్ళీ అద్దాలు సరిచేసుకున్నాడు. నేను నవ్వాను కూడా.

పాత విమానాల మైదానం పక్కనుంచి పోయే ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్ళాడు. మూడు వేలు. నాలుగు వేలు. నాలుగున్నర దాటింది. నాన్నా, నా బండి అసలు గొంతు నేను మొదటిసారి విన్నది పక్కసీట్లో కూర్చుని. అతను వదల్లేదు. ముందుకి వంగి, పెదాలు బిగించి, కళ్ళజోడు ముక్కు మీదికి జారినా తోసుకోకుండా, ఇంకా తొక్కాడు. అతని ముఖంలో అలాంటి సంతోషం నేనెప్పుడూ చూడలేదు. దూరంగా మలుపు కనపడుతోంది. నేనైతే ఎక్కడ బ్రేకు వేస్తానో ఆ చోటు వచ్చింది, దాటిపోయింది. నా కుడికాలు నేలని తొక్కేస్తోంది, అక్కడ పెడలు లేదు. ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో అతని చొక్కా పట్టుకుని, "ఆపు! నెమ్మదిగా! నీకేమైనా పిచ్చా?" అని గొంతు చిరిగేలా అరిచాను. అతను కాలు తీశాడు. మలుపు చక్కగానే తిరిగింది. అంత భయపడాల్సిందేమీ లేదు, ఇప్పుడు ఆలోచిస్తే. ఇంకా చాలా చోటుంది.

ఇంటిముందు ఆపగానే తాళం లాక్కున్నాను. "ఇంక నువ్వు దీన్ని ముట్టుకోకు" అన్నాను. దిగి, లోపలికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నాడు. నేను గదిలో నిలబడి నా పిడికిలి వైపు చూసుకున్నాను. తాళం పళ్ళు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి.

నాకు నీ మీద జాలి కలిగింది. అది నిజం. రాకుండా ఉంటే బావుండేది, కోపం శుభ్రంగా ఉండేది. ఇదెంత పాడు భయమో ఇప్పుడు నాకు తెలుసు. కానీ నాన్నా, నేను అరిచాను. అతని ఎదురుగా, అతని చొక్కా పట్టుకుని అరిచాను. అతను విన్నాడు, కాలు తీయాలో వద్దో అతనే చూసుకున్నాడు. నువ్వు అరవలేదు. ఊరంతా వినేలా మాట్లాడేవాడివి, నాకు మాత్రం వినపడకుండా చూసుకున్నావు. "నువ్వు చస్తావేమోనని నాకు భయమే పిడుగూ, కాలు తియ్యి" అని ఒక్కసారి నాతో అనుంటే ఏమయ్యేది? పోట్లాడేదాన్ని. అలిగేదాన్ని. ఏమో, తీసేదాన్నేమో కూడా. ఆ సంగతి మనిద్దరికీ ఇంక తెలియదు.

అందుకని ఆదివారం వస్తున్నాను. ఉండటానికి కాదు, పోట్లాడటానికి. గది ఖాళీ చేయించకు. అమ్మకి మాత్రం ముందే చెప్పి ఉంచు, మధ్యలో వంటింట్లోకి పారిపోకుండా కూర్చోమను. నీకు చెప్పాల్సినవి నాకు చాలా ఉన్నాయి. నాకు చెప్పాల్సింది నీకు ఒక్కటే ఉంది, అది నీ నోటితో చెప్పు. బండిలోనే వస్తాను, అడ్డం లేని బండిలో. ఎంత వేగంగా వచ్చానని అడుగు. అడిగితే నిజం చెప్తాను.

తాళం అతనికి తిరిగిచ్చేశాను. "నీకు కావాలంటే తీసుకెళ్ళు" అన్నాను. అతను "ఒక్క రౌండు" అని వెళ్ళాడు. ఈ ఉత్తరం అప్పుడు మొదలుపెట్టాను. ఇంకా రాలేదు. రెండుసార్లు లేచి గేటు దాకా వెళ్ళి వచ్చాను. వీధి చివర ఏ ఇంజను చప్పుడైనా కలం ఆగిపోతోంది. ఇప్పుడొకటి వినపడుతోంది. మాదే. మలుపు దగ్గర అంత గట్టిగా గేరు దించకూడదు, ఎవరు నేర్పారో! వచ్చేశాడు. గేటు తీయాలి.

పిడుగు